ఐబీఎస్ ట్రయల్ డైరీ: నొప్పి పేజీ భేష్, విరేచనాల పేజీ దిద్దాల్సిందే

ఐబీఎస్ అంటే పదేపదే కడుపునొప్పి, మలంలో తేడా తెచ్చే పేగు జబ్బు. అందులో విరేచనాల రకానికి మందు పరీక్షించే ట్రయల్స్‌లో నెల్లూరు, ఒంగోలు వైపు రోగులు రోజూ నింపడానికి వేసిన 12 వారాల తెలుగు పుస్తకం ఇది. అట్ట గట్టిది, అక్షరం పెద్దది.

నొప్పి పేజీ చాలా బాగా కుదిరింది. "గడిచిన 24 గంటల్లో కడుపునొప్పి అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నప్పుడు ఎంత?" అని సూటిగా అడిగి 0 నుంచి 10 దాకా గళ్లిచ్చారు. "ఇవాళ నొప్పి ఎట్టా ఉంది" అని అడిగుంటే, రాసే వేళకున్న నొప్పే రాసేవాళ్లు. మంటని, ఉబ్బరాన్ని ఇందులో కలపొద్దని పక్కనే చెప్పడం ఇంకా మేలు. మన వైపు మూడిటినీ కడుపునొప్పి అనేస్తారు మరి.

చిక్కంతా మలం గట్టిదో పలచనిదో 1 నుంచి 7 దాకా చూపే బ్రిస్టల్ బొమ్మల దగ్గర. 5కీ 6కీ కింద ఒకటే మాట, "మెత్తటి విరేచనం". 5 అంటే అంచులు తెలిసే మెత్తటి ముద్దలు. 6 అంచులు చెదిరి జావగా అయింది. 7 అచ్చంగా నీళ్లు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012 మార్గదర్శకం ప్రకారం 6 గానీ 7 గానీ ఒక్కసారైనా అయిన రోజుల్నే లెక్కపెడతారు. మందుకు ముందుతో పోలిస్తే వారంలో ఆ రోజులు కనీసం సగానికి తగ్గాలి. అదే వారం, రోజువారీ అత్యధిక నొప్పి సగటు 30 శాతమైనా తగ్గాలి. నొప్పి సగటు 6 ఉన్నవాళ్లకి 4.2కి దిగాలి. వారానికి అట్టాంటి రోజులు 5 ఉన్నవాళ్లకి 2కి రావాలి, 3 చాలదు. ఇట్టా 12 వారాల్లో కనీసం 6 వారాలుంటేనే గుణం కనిపించినట్టు. 5ని 6గా టిక్ పెడితే, తేరుకున్న మనిషి కూడా తేరుకోనివాళ్లలో చేరిపోతాడు.

విరేచనాలు కట్టడానికి వేసుకునే లోపెరమైడ్ బిళ్ల వాడిన రోజు గుర్తు పెట్టడానికి గడి లేదు. ఆ బిళ్ల వల్ల విరేచనం గట్టిపడితే ఆ మేలు ట్రయల్ మందు ఖాతాలో పడుతుంది. "రాత్రి పడుకునే ముందు నింపండి" అన్న సూచన కూడా రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లకి కుదరదు. ఒక్కో రోగికి ఒక గంట ఖాయం చేసి రాసివ్వాలి.

ఎప్పుడు నింపారో కాగితం చెప్పదు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో కాగితం డైరీలు 90 శాతం వేళకి నింపినట్టు రోగులు రాశారు. డైరీ ఎప్పుడు తెరిచారో పసిగట్టడానికి లోపల దాచిన కాంతి సెన్సర్ చూపింది 11 శాతమే. వీలున్నచోట ఫోన్ డైరీయే తీసుకోండి.

ఈ పుస్తకమే వాడాల్సొస్తే 6 కింది మాట మార్పించి, లోపెరమైడ్ గడి కలిపించి, రోగుల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం తెచ్చుకోండి. అదీ మొదటి రోగిని చేర్చకముందే. నడి మధ్యలో మారిస్తే మందుకు ముందు లెక్క ఒక కొలతలో, తర్వాతి లెక్క ఇంకో కొలతలో ఉంటుంది.