రాజమండ్రిలో పెళ్లి హాలు కోసం తిరుగుళ్లు: అన్నవరం, ద్వారకా తిరుమల, దిండి కూడా చూసొచ్చాం

మా అక్క కూతురి పెళ్లి శ్రావణంలో. ముహూర్తం రాత్రి పదకొండు దాటాక పడింది. పిలుపులు రెండు వైపులా కలిపి ఏడు వందల దాకా తేలాయి. మగపెళ్లివారు హైదరాబాద్ నుంచి రావాలి, మావాళ్లంతా రాజమండ్రి, కాకినాడ చుట్టుపక్కలే. ఇవన్నీ ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద బాగుందన్నా బాగోలేదన్నా ఈ లెక్కలకే. మాఘంలో పగటి ముహూర్తం అయ్యుంటే నా మార్కులన్నీ తారుమారయ్యేవి.

మొదట బావ తిరుమల అన్నాడు. పాపవినాశనం రోడ్డులో ఉన్న టీటీడీ కల్యాణ వేదికలో 2016 నుంచి పెళ్లిళ్లు ఉచితంగా చేయిస్తున్నారు. పురోహితుడు, మంగళవాద్యం, పసుపు కుంకుమలు, కంకణాలు అన్నీ వాళ్లవే, పెళ్లయ్యాక వధూవరులకీ తల్లిదండ్రులకీ కలిపి ఆరుగురికి మూడు వందల రూపాయల క్యూలో దర్శనం కూడా. పెళ్లికొడుక్కి 21, పెళ్లికూతురికి 18 నిండినట్టు కాగితాలు ఉండాలి, రెండు వైపులా తల్లిదండ్రులు రావాలి. అప్పు చేయకుండా, ఆర్భాటం లేకుండా పెళ్లి చేద్దామనుకునేవాళ్లకి అంతకంటే మంచి ఏర్పాటు నాకైతే తెలీదు. కానీ మా బావ పిలిచేవాళ్ల లిస్టు రాయడం మొదలెట్టి రెండో పేజీ తిప్పేసరికి ఆ మాట తనే మానేశాడు.

అన్నవరం దగ్గర మాత్రం చాలా ఊగిసలాడాం. అక్కకి సత్యదేవుడి దగ్గరే చేయాలని కోరిక. చూస్తే అన్నీ అనుకూలంగానే ఉన్నాయి. ఊరు హైవే మీదే, రైల్వే స్టేషన్ ఉంది, రత్నగిరి ఎక్కడానికి మంచి ఘాట్ రోడ్డు ఉంది, పైనుంచి కిందకి చూస్తే పంపా. పెళ్లి చేసుకున్న చోటే వ్రతం కూడా చేసేసుకోవచ్చు, మళ్లీ వేరే ప్రయాణం ఉండదు. మేం కావాలనే ముహూర్తాలున్న రోజు చూసుకుని వెళ్లాం, ఖాళీ రోజు చూస్తే ఏ చోటైనా బాగానే కనపడుతుంది కదా. కొండ మీద ఎటు చూసినా పెళ్లిళ్లే. ఒక జంటకి మాంగల్యధారణ దగ్గర గట్టిమేళం అందుకునేసరికి, పక్కనే జీలకర్ర బెల్లం దగ్గరున్న పురోహితుడు మంత్రం ఆపి, డోలు తగ్గేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ సందడి నాకు భలే నచ్చింది నిజానికి. నూటయాభై మంది లోపు పెళ్లి, పగటి ముహూర్తం అయితే మరో మాట లేకుండా అక్కడే చేసేవాళ్లం.

మాకు అడ్డం వచ్చింది రాత్రి ముహూర్తం. వానాకాలం, చీకటి, ఏడు వందల మందిలో కనీసం వంద మంది డెబ్భై దాటినవాళ్లు. వాళ్లందరినీ బళ్లలో కొండ ఎక్కించి, భోజనాలయ్యాక అర్ధరాత్రి మళ్లీ దింపాలి, ఉండిపోయేవాళ్లకి గదులు చూడాలి. దేవస్థానం సత్రాలు ఉన్నాయి గానీ అవి వచ్చే భక్తులందరికీ, మన పెళ్లి ఒక్కదానికే అన్ని గదులు దొరుకుతాయని లెక్కేసుకోకూడదు. వైశాఖ శుద్ధ ఏకాదశికి స్వామివారి కల్యాణం, ఆ తర్వాత కార్తీకమాసం, ఈ రెండు సమయాల్లోనూ రద్దీ మామూలుగా ఉండదు, అటు ముహూర్తం ఉన్నవాళ్లు గదుల సంగతి మరీ ముందు చూసుకోవాలి. ఇంకోటి, పెళ్లి మర్నాడు మాంసం భోజనం పెట్టే ఆచారం ఉన్నవాళ్లకి కొండ మీద ఎలాగూ కుదరదు, దానికి వేరే చోటు కావాలి. చివరికి పెళ్లి రాజమండ్రిలో, వ్రతం అన్నవరంలో అని అక్కని ఒప్పించాం. గంటన్నర, రెండు గంటల దారే. దిగేటప్పుడు ఆకు పొట్లాల్లో గోధుమరవ్వ ప్రసాదం కొనుక్కుని కార్లోనే తినేశాం, ఇంటికి ఒక్క పొట్లమే చేరింది.

ద్వారకా తిరుమల పెళ్లికొడుకు వాళ్ల నాన్నగారి మాట. పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చుగానీ చిన్న తిరుపతి మొక్కు అక్కడే తీర్చాలంటారు కదా, వాళ్లకి అలాంటిదేదో ఉంది. హైవే మీద భీమడోలు దగ్గర తిరిగితే వచ్చేస్తుంది, ఏలూరు నుంచి నలభై కిలోమీటర్లు ఉంటుందేమో. హైదరాబాద్, విజయవాడ వైపు బంధువులు ఎక్కువ ఉన్నవాళ్లకి అన్నవరం కంటే ఇదే దగ్గర. మాకు మాత్రం అటూ ఇటూ కాకుండా మధ్యలో పడింది. ఆడపెళ్లివారు కూడా లాడ్జిలో దిగాల్సిన పరిస్థితి. మొక్కు సంగతి పెళ్లయ్యాక చూసుకుంటామని ఆయనే అన్నారు, పెద్దమనిషి.

దిండి పిల్ల కోరిక. చించినాడ వంతెన పక్కన, వశిష్ఠ గోదావరి ఒడ్డున కొబ్బరితోటల మధ్య రిసార్టులు, పక్కనే హౌస్‌బోట్లు. ఫొటోలకి దాన్ని మించింది ఈ చుట్టుపక్కల లేదు, ఒప్పుకుంటా. హైదరాబాద్ వాళ్లకి కూడా నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పాలకొల్లులో దిగి కాస్త దూరమే. కానీ శ్రావణంలో గోదావరి ఎర్రగా, నిండుగా ఉంటుంది, ఎగువన వానలు గట్టిగా పడితే కోనసీమ లంకల్లోకి నీళ్లొచ్చేది ఆ రోజుల్లోనే. లాన్‌లో పెళ్లి అంటే ఆకాశం వంక చూస్తూ కూర్చోవాలి. పైగా రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకులు, స్పీకర్లు పెట్టకూడదని రూలు ఉంది, 2000 సంవత్సరం నుంచీ ఉన్నదే. మా ముహూర్తం పదకొండు దాటాక. అంటే అసలు పెళ్లి టైముకి మైకు ఉండదు. ఇది అక్కడి మేనేజరే ముందు చెప్పాడు, అందుకు ఆయనకి మార్కులు వేయాలి, చాలామంది అడ్వాన్స్ తీసుకున్నాక చెప్తారు. మాఘం, ఫాల్గుణంలో పగటి పెళ్లి, రెండు వందల లోపు జనం ఉంటే దిండి పెట్టుకోండి, నేనే వచ్చి భోజనం చేస్తా.

ఇక రాజమండ్రి. ఊళ్లో ఉన్నవి కొన్ని, దివాన్‌చెరువు, లాలాచెరువు వైపు హైవే పక్కన కొత్తగా కట్టినవి కొన్ని చూశాం. ఊళ్లోవాటికి స్టేషను, లాడ్జీలు దగ్గర, ఆటో ఎక్కితే వచ్చేస్తారు, కానీ యాభై కార్లు వచ్చాయంటే వీధి మూసుకుపోతుంది. హైవే వాటికి పార్కింగ్ బ్రహ్మాండం, కానీ అర్ధరాత్రి భోజనం చేసి ఇంటికి పోదామంటే ఆటో దొరకదు, బస్సు మనమే పెట్టాలి.

ఎక్కడికెళ్లినా ముందు స్టేజీ చూపిస్తారు. లైట్లన్నీ వేసి, షాండ్లియర్ వెలిగించి, ఇదిగో ఇక్కడ పెళ్లికూతురు ఎంట్రీ అండి, ఇక్కడి నుంచి పొగ వస్తుందండి అంటారు. చూడాల్సింది అది కాదు. డబ్బులు పెట్టి డెకరేషన్ వాళ్లని పిలిస్తే ఎలాంటి స్టేజీ అయినా బాగానే తయారవుతుంది, బాత్రూములని ఏ డెకరేషన్ వాడూ బాగుచేయడు. నేను తిన్నగా విడిది గదులకి వెళ్లి కుళాయిలు తిప్పి చూశా. ఒక చోట పన్నెండు గదులన్నారు, అందులో గీజరు పనిచేసేవి ఎన్ని అని అడిగితే కుర్రాడు మేనేజరు మొహం చూశాడు. ఇంకో చోట హాలు చాలా బాగుంది, భోజనాలు మాత్రం పై అంతస్తులో, లిఫ్టు ఒక్కటే, అదీ నలుగురికి. మా పెద్దమ్మ మోకాళ్లు తల్చుకుని అక్కడి నుంచి బయటికొచ్చేశా.

భోజనాల హాలు ఎంత మందికి అన్నది అసలు లెక్క. మేం బఫే వద్దు, బంతి భోజనాలే పెట్టాలనుకున్నాం. రెండు వందల మంది కూర్చునే చోట ఏడు వందల మందికి నాలుగు బంతులు పడతాయి, ఆకులు తీసి బల్లలు తుడిచి మళ్లీ వడ్డించడానికి బంతికి ముప్పావుగంట వేసుకున్నా మూడు గంటలు. రాత్రి ఏడున్నరకి మొదలెడితే పదిన్నరకి గానీ తేలదు, అప్పటికి జీలకర్ర బెల్లం టైము ముంచుకొస్తుంది. మూడు వందల యాభై మంది కూర్చుంటే రెండు బంతుల్లో అయిపోతుంది. నేను హాళ్లని కొట్టేసింది ఎక్కువగా ఈ లెక్క దగ్గరే. వంటశాలకీ భోజనాల హాలుకీ మధ్య దూరం కూడా చూడండి, సాంబారు గుండిగ వానలో తడుస్తూ రాకూడదు.

నాకు ఇంకో స్వార్థం కూడా ఉంది. పెళ్లికూతుర్ని బుట్టలో పెట్టి మండపానికి మోసుకొచ్చే మేనమామని నేనే. అందుకని పెళ్లికూతురి గది నుంచి మండపం దాకా నడిచి మెట్లు లెక్కపెట్టుకున్నా. ఒక హాల్లో గది పైన, మండపం కింద, మధ్యలో మలుపు తిరిగిన పాలరాతి మెట్లు. మా మేనకోడలు నవ్వి "మామయ్యా, ఇప్పట్నుంచీ జిమ్‌కి వెళ్లు" అంది. వేరే హాలు చూసుకోవడం తేలిక.

రేట్లు అడిగినప్పుడు ముందు చెప్పే అంకె ఒట్టి హాలుదే. దాని మీద 18 శాతం జీఎస్టీ, క్లీనింగు, కరెంటు మీటరు లెక్క, జనరేటరు, సెక్యూరిటీ. ఒక మేనేజరుతో మాట అచ్చంగా ఇలా నడిచింది:

"జనరేటర్ ఉందాండీ?"

"ఆయ్, పెద్దదే ఉందండి."

"అది రేటులో కలిపేనా?"

"జనరేటర్ కలిపేనండి. డీజిలు మాత్రం మీరు పోయించుకోవాలండి."

బయటి కేటరింగు, బయటి డెకరేషన్ వాళ్లని తెచ్చుకుంటే కొన్ని చోట్ల హాలు వాళ్లకి వేరే డబ్బు కట్టాలి. అది మాటల్లో చెప్పరు, మీరే అడగాలి. అదే ఆవరణలో రెండు హాళ్లుంటే ఆ రాత్రి రెండో హాల్లో ఏముందో కూడా కనుక్కోండి, లేదంటే వాళ్ల డీజే మధ్యలో మన మంగళాష్టకాలు.

రాత్రి ముహూర్తాలవాళ్లకి అన్నిటికంటే ముఖ్యం హాలు ఖాళీ చేసే టైము. మామూలుగా ఉదయం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఆరు దాకా ఇస్తారు. పదకొండుకి ముహూర్తమైతే తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, అప్పగింతలు అయ్యేసరికి తెల్లారుతుంది. ఆరింటికల్లా తర్వాతి పార్టీ పూలబండి గేటు దగ్గర హారన్ కొడుతుంటే పిల్ల ఏడవడానికి కూడా టైముండదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి శ్రావణంలో వరసగా ఒకదాని మీద ఒకటి బుకింగులే. మేం ఉదయం పది దాకా మాదే అని రసీదు వెనకాల రాయించి సంతకం పెట్టించాం.

చివరికి తీసుకున్నది హైవే వైపు హాలు. కిందే భోజనాలు, కిందే పెళ్లికూతురి గది, మూడు వందల యాభైకి బంతి. నచ్చనిది విడిది, గదులు తక్కువ. అందుకే మగపెళ్లివారికి స్టేషన్ దగ్గర్లో లాడ్జి విడిగా చూశాం. వాళ్లు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వస్తే తెల్లవారుజామునే దిగుతారు. పెద్ద హోటళ్లు మధ్యాహ్నం పన్నెండుకి గానీ గది ఇవ్వవు, ముందు రోజు అద్దె కూడా కట్టమంటాయి. ఇరవై నాలుగు గంటల లెక్కన ఇచ్చే లాడ్జి అయితే ఎప్పుడు దిగితే అప్పటి నుంచే. గదులు హోటలంత బాగుండవు, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, కింద టిఫిన్ సెంటర్ ఉంది, మాకు చాలు.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఇంకో మాట కూడా రాయించాం. ఇంట్లో ఎవరికైనా మైల వచ్చి పెళ్లి ఆగితే డబ్బు పోకుండా తేదీ మార్చుకోవచ్చని. అపశకునం మాటలెందుకని బావ గొణిగాడు. మేనేజరు మాత్రం అలవాటైనవాడిలా రాసిచ్చేశాడు, ఆరు నెలల లోపు అయితే సరేనని. కుర్చీలకి తెల్ల కవర్లు వేసి వెనకాల రిబ్బన్ కట్టడానికి కుర్చీకింత అని వేరే చెప్పాడు. అది వద్దన్నాం.