బరంపురంలోని పాత పుస్తకాల దుకాణం: 1969 రాష్ట్రపతి ఎన్నికను మళ్లీ చదివించిన చోటు

బరంపురం పెద్ద బజారు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఈ దుకాణం ఉంది. బోర్డు ఒడియాలోనే ఉండడం వల్ల కొత్తవారు గుర్తుపట్టలేరు గానీ, లోపల ఎడమచేతి గోడ పొడవునా ఉన్నవన్నీ తెలుగు పుస్తకాలే. గైడ్లు, పంచాంగాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇక్కడ విశేషం పాత తెలుగు పత్రికల బౌండు సంపుటాలు. 1969 జులై, ఆగస్టు నెలల సంపుటం ఒకటి 350 రూపాయలకు కొన్నాను. ఆ ధర సబబైనదే.

వి.వి. గిరి గారు ఈ ఊళ్లో పుట్టినవారు. మా ఊరివాడు రాష్ట్రపతి అయ్యాడని చిన్నప్పటి నుంచి గర్వపడుతూనే ఉన్నాను గానీ, ఆ పోటీ దేని మీద జరిగిందని ఏనాడూ ఆలోచించలేదు. 1969 మే 3న జాకీర్ హుస్సేన్ మరణించడంతో, ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం చేశారు. మరునాడే రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. ఈ రెండు సంగతులూ విడివిడిగా ఎరిగినవే. ఒక పుట తిప్పగానే రెండో వార్త ఎదురుపడినప్పుడు మాత్రం, ఆ ఎన్నికలో ఆర్థిక విధానం ఎంత పెద్ద విషయమో నాకు తెలిసివచ్చింది.

ప్రభుత్వం తన రాబడికి లోబడి ఖర్చు పెట్టాలనీ, డిపాజిటుదారుడి సొమ్ము ఎవరికి అప్పుగా వెళ్లాలో మంత్రివర్గం నిర్ణయించకూడదనీ నమ్మేవాణ్ణి నేను. మా నాన్నగారు నేతగాళ్లకు పట్టు నూలు అరువిచ్చేటప్పుడు మనిషినీ, అతని పాత ఖాతానూ చూసి ఇచ్చేవారు; మునిగిన బాకీల్లో ఎక్కువ భాగం ఎవరిదో సిఫారసు కాదనలేక ఇచ్చినవే. ఈ ఆలోచన మన ప్రాంతానికి కొత్తది కూడా కాదు. ఒడిశాలో 1967 నుంచి ఆర్.ఎన్. సింగ్ దేవ్ ముఖ్యమంత్రిగా, ఇదే ఆలోచన ఉన్న 'స్వతంత్ర' అనే పార్టీ సంకీర్ణ ప్రభుత్వం నడిచింది. పక్కనే ఉన్న శ్రీకాకుళం ప్రజలు ఆ పార్టీ నాయకుడు ఎన్.జి. రంగా గారిని లోక్‌సభకు పంపారు.

ఆ పార్టీ, జనసంఘ్ కలిసి నిలబెట్టిన అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, 1950 నుంచి 1956 వరకు ఆర్థికమంత్రి. అయితే ఇంపీరియల్ బ్యాంకు 1955లో స్టేట్ బ్యాంకుగా మారినదీ, 1956లో జీవిత బీమా జాతీయమైనదీ ఆయన మంత్రిగా ఉన్నప్పుడే. నాలాంటి అభిప్రాయం ఉన్నవాడు దీన్ని దాటవేయడం న్యాయం కాదు; చాలాసేపు నన్ను తొలిచిన విషయమూ ఇదే. అయినా దేశపు జమాఖర్చులు అంత దగ్గరగా ఎరిగిన మనిషి ఆ పోటీలో మరొకరు లేరు. పైగా బొంబాయి నగరాన్ని కేంద్రపాలితం చేయాలన్న ప్రతిపాదన మీద ప్రభుత్వంతో విభేదించి మంత్రి పదవినే వదులుకున్నారు. నేను ఆనాటి శాసనసభ్యుణ్ణే అయితే, ఊరి అభిమానం పక్కన పెట్టి, నా మొదటి ప్రాధాన్య ఓటు ఆయనకే వేసి ఉండేవాణ్ణి.

ఇక లోపం చెప్పాలి. ఫలితాలు వచ్చిన ఆగస్టు 20 తర్వాతి పుటల్లో కింది సగాన్ని చెదలు తినేశాయి. అమ్మే ముందు యజమాని చెప్పలేదు, నేనూ చూసుకోలేదు. మర్నాడు తీసుకెళ్లి చూపిస్తే ఆయన వాదించలేదు. "దానికేటి బాబూ, ఇంకో కట్ట ఉంది, కూకోండి, రాసుకోండి" అని అటక మీది నుంచి మరో సంపుటం దింపి, దుమ్ము దులిపి ఇచ్చారు. దానికి పైసా తీసుకోలేదు. మొదటి ప్రాధాన్యంలో గిరి గారికి 4,01,515, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769 విలువైన ఓట్లు వచ్చాయి. ఎవరికీ సగం దాటకపోవడంతో, మిగతావారి రెండో ప్రాధాన్య ఓట్లు బదిలీ అయ్యాక గిరి గారు 4,20,077, రెడ్డి గారు 4,05,427 వద్ద ఆగారు. తేడా 14,650 మాత్రమేనని లెక్క కట్టుకుని, పెన్సిలు కాసేపు పక్కన పెట్టాను.

సంపుటాల మీద ధర రాసి ఉండదు, అడగాల్సిందే. ఆ గోడకు తేమ ఉంది. ప్రతి అరలోనూ కలరా ఉండలు వేయమని చెప్పి వచ్చాను. బ్యాంకుల జాతీయకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 1970 ఫిబ్రవరి 10న కొట్టివేసింది. ఆ నెల సంపుటాన్ని పక్కన పెట్టించి 100 రూపాయలు బయానా ఇచ్చాను. ఈసారి ప్రతి పుటా తిప్పి చూసుకున్నాకే మిగతా డబ్బు ఇస్తాను.