శ్రీలంకలో ఎక్కడ దిగాలి: పెద్ద హోటల్లో ఒక రాత్రి, మిగతావి ఇంటి గదుల్లో

అష్టాదశ శక్తిపీఠాల వరుసలో మొదట చెప్పుకునేది త్రింకోమలిలోని శాంకరీదేవి. అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం చూసి వచ్చిన మన కుటుంబాల్లో చాలామందికి ఆ మొదటి పీఠమే బాకీ ఉండిపోతుంది. మేము శ్రీలంక వెళ్ళింది ప్రధానంగా అందుకే. అమ్మ, అత్తయ్య వెంట ఉన్నారు కాబట్టి ఏం చూడాలన్న దానికన్నా ఎక్కడ దిగాలన్నదే ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది.

సిలోన్ టూరిస్ట్ బోర్డు ఏర్పడిన 1966లో ఆ దేశానికి వచ్చిన విదేశీ పర్యాటకులు 19 వేల లోపే. 2018 నాటికి ఆ సంఖ్య 23 లక్షలు దాటింది. 2019లో ఈస్టర్ ఆదివారం నాడు చర్చిలతో పాటు కొలంబోలోని పెద్ద హోటళ్ళ మీద కూడా బాంబు దాడులు జరిగాయి. తర్వాత కరోనా, దాని వెనుకే 2022 ఆర్థిక సంక్షోభం. 2021లో 2 లక్షల మంది కూడా రాలేదు. 2024లో మళ్ళీ 20 లక్షలు దాటారు. అందులో 4 లక్షలకు పైగా భారతీయులే, అన్ని దేశాల కంటే మనవాళ్ళే ఎక్కువ.

ఇంతమందికీ చోటిచ్చేది స్టార్ హోటళ్ళే అనుకుంటాం. సంఖ్యలో చూస్తే గెస్ట్ హౌసులు, హోమ్‌స్టేలదే పైచేయి. అక్కడి పర్యాటక అభివృద్ధి సంస్థ హోటళ్ళు, బొటీక్ హోటళ్ళు, విల్లాలు, బంగళాలు, గెస్ట్ హౌసులు, హోమ్‌స్టేలు, అద్దె ఇళ్ళు అంటూ దేనికది వేరుగా నమోదు చేస్తుంది. ఒకటి నుంచి ఐదు దాకా ఉండే నక్షత్రాలు మాత్రం హోటళ్ళకే. కాబట్టి నక్షత్రం లేదని గెస్ట్ హౌసును తీసిపారేయకూడదు. నమోదైందా లేదా అని ముందే అడగండి. నమోదు లేకుండా నడిచేవి కూడా చాలానే ఉన్నాయి.

త్రింకోమలిలో ఉప్పువెలి సముద్రతీరానికి దగ్గరగా ఒక తమిళ కుటుంబం నడిపే గెస్ట్ హౌసులో దిగాం. కింద వాళ్ళ సంసారం, పైన అతిథుల గదులు. శ్రీలంకలో శాకాహారులకు అసలు చిక్కు కొబ్బరి సంబల్‌తో వస్తుంది. చూడటానికి మన కొబ్బరి పచ్చడిలాగే ఉంటుంది కానీ, అందులో మాల్దీవుల ఎండుచేప పొడి కలపడం మామూలు. రాత్రే ఇంటావిడ పైకి వచ్చి, "అమ్మా, మీరు చేప తింటారా?" అని అడిగింది. తినమని చెప్పగానే పొద్దున మాకోసం రోలు కడిగించి, కొబ్బరి, ఎండుమిర్చి, చిన్న ఉల్లిపాయలు, ఉప్పు వేసి విడిగా నూరింది. చివర్లో నిమ్మకాయ పిండింది. ఇడియాప్పం, పప్పుకూరతో ఆ సంబల్ తిని అత్తయ్య తృప్తిగా లేచింది. మరో ఊళ్ళో మేము దిగిన పెద్ద రిసార్టులో 'వెజ్' అని చీటీ పెట్టిన సంబల్‌లోనే ఎండుచేప తగిలింది. వయసైన శాకాహారులతో వెళ్ళేవాళ్ళకు ఈ తేడా చాలా పెద్దది.

శాంకరీదేవిని త్రింకోమలిలోని కోణేశ్వరం శివాలయంలోనే దర్శించుకున్నాం. ఫ్రెడరిక్ కోట లోపలి నుంచి దారి, జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి, పైన స్వామి శిల అనే కొండ, కింద సముద్రం. తూర్పు తీరానికి మే నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. సంవత్సరాంతంలో అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు, అప్పుడు పర్యాటకులంతా దక్షిణ, పశ్చిమ తీరాలకు మళ్ళుతారు. గదుల ధరలు కూడా ఆ గాలినిబట్టే మారుతాయి.

దంబుళ్ళ దగ్గరి కందలమ హోటల్‌కు మాత్రం ఒక రాత్రి ఖర్చు పెట్టవచ్చు. శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావా రూపొందించిన కట్టడం అది. కొండరాతిని తొలగించకుండా దాన్ని ఆనుకునే కట్టారు, రాయి లోపలి దాకా వస్తుంది, ముందుభాగమంతా తీగలు కమ్ముకుని దూరానికి హోటలే కనపడదు. ఎదురుగా కందలమ చెరువు, అవతల సిగిరియా కొండ. చెరువు పాడవుతుందని కట్టేటప్పుడు స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. అడవిలో హోటల్ కట్టేవాళ్ళెవరైనా వచ్చి చూడవలసిన చోటు. భవనం చాలా పొడుగు, మోకాళ్ళ నొప్పులున్నవారు లిఫ్టుకు దగ్గరగా గది అడిగి తీసుకోవాలి.

కొండల మీది ఊరు నువర ఎలియాలో చలి ఎక్కువ. గది చూసేటప్పుడు వేడినీళ్ళు, దుప్పట్లు చూసుకుంటే చాలు. సింహళ, తమిళ ఉగాది వచ్చే ఏప్రిల్‌లో కొలంబో జనం అక్కడికి కదిలిపోతారు, అద్దెలు అందవు. ఆ ఊరి దగ్గరే ఉన్న సీతమ్మ గుడికి వేరే నెలలో వెళ్ళండి.

బిల్లు విషయంలో జాగ్రత్త. హోటళ్ళలో చెప్పే ధర మీద 10 శాతం సర్వీస్ చార్జీ, 18 శాతం వ్యాట్ తర్వాత కలుస్తాయి. చిన్న గెస్ట్ హౌసుల్లో చాలాచోట్ల చెప్పిందే తుది ధర. మనం మాట్లాడుకున్న కారు డ్రైవరుకు పెద్ద హోటళ్ళు చాలావరకు పడక, భోజనం ఉచితంగా ఇస్తాయి, ఇంటి గదుల వాళ్ళు చాలావరకు ఇవ్వలేరు. డ్రైవరు హోటల్ వైపే మొగ్గు చూపడానికి అదొక కారణం, కమీషన్ ఇంకొకటి. అతని బస ఖర్చు మనమే ఇస్తామని మొదటిరోజే చెప్పేస్తే, ఆ తర్వాత మనం అడిగిన ఇంటికే తీసుకెళ్తాడు.