తగ్గింపు కోసం పూర్తి ధర పెట్టి కొన్న పుస్తకం

మా ఇంట్లో అరలో ఒక లెక్కల పుస్తకం ఉంది. కొని పద్నాలుగు నెలలైంది, పైనున్న ప్లాస్టిక్ తొడుగు కూడా ఇంకా తియ్యలేదు. ఖరీదు 28 డాలర్లు. పిల్లల కోసం కొన్నది కాదది. నేను టీచర్నేనని ఒక వెబ్‌సైటుకి నిరూపించుకోడానికి కొన్నది.

పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పుకునేవాళ్ళకి ఎడ్యుకేటర్ డిస్కౌంట్లు, అంటే టీచర్లకని కొట్లు ఇచ్చే తగ్గింపులు, ఇస్తారా అని పార్కులో కలిసిన ప్రతి తెలుగావిడా అడుగుతుంది. ఇస్తారు. ఏ కొట్లో ఎంత అన్న చిట్టా ఎక్కడైనా దొరుకుతుంది, ఇక్కడ మళ్ళీ రాయను. నాలుగేళ్ళు వాడాక నాకు మిగిలిన కడుపుమంట ఒక్కటే, రుజువు. తగ్గించడానికి వాళ్ళకేం అభ్యంతరం లేదు. మనల్ని నమ్మడం దగ్గరే వస్తుంది చిక్కంతా.

మేం ఉండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. ఇక్కడ పిల్లలకి ఇంట్లో చదువు చెప్పుకోడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. ఇంటి బడి కూడా ప్రైవేటు బడి కిందే లెక్క అని 1994లో లీపర్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ ఐదూ చిత్తశుద్ధితో నేర్పితే చాలు. నమోదు లేదు, పరీక్ష లేదు, ఇన్‌స్పెక్టరు రాడు. మొదట్లో ఈ సంగతి ఇండియాలో అందరికీ ఫోన్లు చేసి మరీ గొప్పగా చెప్పుకున్నాను. నమోదు లేదంటే చేతిలో కాగితమూ ఉండదని అప్పటికి తట్టలేదు. నార్త్ కరోలినాలో ఉండే మా పిన్ని కూతురు ప్రభుత్వానికి నోటీసివ్వాలి, హాజరు రాయాలి, ఏటా పరీక్ష పెట్టాలి. పాపం అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే, నమోదైనట్టు దాని దగ్గర రాష్ట్రం ఇచ్చిన కాగితముంది, చూపించి పని చేసుకొస్తుంది. నా దగ్గర కోర్టు తీర్పు ఉంది. బిల్లు కట్టే చోట కోర్టు తీర్పు చదివేవాళ్ళెవరు?

అందుకని కార్డు మేమే చేసుకున్నాం. ప్రైవేటు బడి కార్డు ఆ బడే ఇచ్చుకుంటుంది కదా, తప్పేం లేదు. ప్రిన్సిపల్ హోదా మావారు పట్టుబట్టి తీసుకున్నారు, పాఠాలు మాత్రం నావి. వంటింటి గోడకి తెల్ల దుప్పటి కట్టి ఫోటోలు తీసుకుని, లైబ్రరీలో ప్రింటు కొట్టించి, లామినేషన్ చేసుకున్నాం. అప్పుడు మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. గెజిటెడ్ హోదా, మా ఊళ్ళో సగంమంది సర్టిఫికెట్ల జిరాక్సుల మీద ఆకుపచ్చ ఇంకుతో ఆయన సంతకమే ఉంటుంది. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ముద్ర ఏదమ్మా? ముద్ర లేనిది కార్డెలా అవుతుంది?" అన్నారు. అందరం నవ్వాం.

వారం తిరక్కుండానే ఆ నవ్వు నాకు తగిలింది. క్రాఫ్టు సామాన్ల కొట్లో జిగురు, చార్టులు, రంగులు కలిపి 18 డాలర్లయింది. బిల్లు వేసే అమ్మాయి కార్డు చూసి, ఇది ఏ డిస్ట్రిక్టు బడి అని అడిగింది. చెప్పాను. అర్థం కాక మేనేజర్ని పిలిచింది. ఆవిడ వచ్చేలోపు నా వెనక లైను పెరిగింది, చిన్నవాడు చాక్లెట్ల అర దగ్గరికి చేరాడు. ఆవిడ వచ్చి కార్డుని వెలుతురుకి పెట్టి చూసి, కుదరదంది. ఇంత జరిగింది 2 డాలర్ల 70 సెంట్ల కోసం! ఇంటికొచ్చి గుండ్రటి ముద్ర ఒకటి ఆర్డరిచ్చాను. ఊదా రంగు ఇంకుతో ఫోటో అంచు మీదుగా పడేట్టు మామయ్యగారే వేసిచ్చారు. మళ్ళీ అదే కొట్టుకి వెళ్తే ఎవరూ నోరెత్తలేదు. ముద్ర చూసో, వేరే అమ్మాయి ఉండబట్టో!

తలుచుకుంటే సంతోషం కలిగేది హాఫ్ ప్రైస్ బుక్స్. 1972లో డాలస్‌లో ఒక పాత లాండ్రీలో మొదలైన పాత పుస్తకాల సంస్థ. ఎడ్యుకేటర్ కార్డుంటే ఏడాది పొడుగునా 10 శాతం తగ్గిస్తారు, ఇంటి బడివాళ్ళకీ ఇస్తారు. నన్ను ఒక్క ప్రశ్న వెయ్యకుండా కార్డు చేతిలో పెట్టారు. నార్త్‌వెస్ట్ హైవే మీదున్న పెద్ద కొట్టుకి నెలకోసారి వెళ్తే పిల్లలు నేలమీద చతికిలబడి లేవరు. ఏడాదిపాటు ఈ కార్డుని నేను పొగడని రోజు లేదు. ఆ పొగడ్తకి మా పెద్దది కొంచెం కోత పెట్టింది. మా దగ్గర అమ్మకం పన్ను 8.25 శాతం. వంద డాలర్ల పుస్తకాలు కొంటే తగ్గింపు పోను 90, దాని మీద పన్ను 7.43, చివరికి కట్టేది 97.43. "అమ్మా, వందలో నీకు మిగిలింది రెండున్నర డాలర్లే" అంది. ముందు పన్ను వేసి తర్వాత తగ్గిస్తే ఎక్కువ మిగులుతుందేమోనని కార్లో కూర్చుని రసీదు వెనక లెక్కేసింది. ఎటునుంచి వేసినా అదే వచ్చింది. శాతాల పాఠం ఆ రోజుతో అయిపోయింది. రానూపోనూ గ్యాస్ ఖర్చు కూడా కలపమని మావారు అందుకోబోతే ఊరుకోమన్నాను.

బార్న్స్ అండ్ నోబుల్‌లో 20 శాతం, అదీ తరగతికి కొనేవాటికే. మా తరగతి గది భోజనాల బల్ల కాబట్టి, ఏది తరగతికి, ఏది ఇంటికి అన్నది నా మనస్సాక్షికే వదిలేశాను. భిన్నాలు నేర్పిన వంటల పుస్తకం ఎటు వస్తుందో ఇప్పటికీ తేలలేదు. ఆపిల్ వాళ్ళు మాత్రం విద్యా ధరలకి అర్హుల్లో హోమ్‌స్కూల్ టీచర్లని తమ నిబంధనల్లోనే రాసుకున్నారు.

ఇక ఆ లెక్కల పుస్తకం సంగతి. పెద్దదానికి బొమ్మలు గియ్యడమంటే పిచ్చి. అది అడిగిన సాఫ్ట్‌వేర్‌కి విద్యార్థులకీ టీచర్లకీ ధర సగం కంటే తక్కువ. పేజీ తెరిస్తే రాష్ట్రం, ఊరు, బడి ఎంచుకోమంది. ఫ్రిస్కోలో ఉన్న బళ్ళన్నీ ఉన్నాయి, మా వంటిల్లు తప్ప. బడి కనిపించకపోతే పత్రం పంపమంది. ముద్ర వేసిన కార్డు పంపాను. రెండ్రోజులకి చెల్లదని జవాబు. పిల్లల్ని బడి మాన్పించినప్పుడు మేం రాసిన లేఖకి పాత బడివాళ్ళు పంపిన మెయిలు దొరికింది. మేం టీచర్లమని చెప్పే కాగితం మేం వదిలేసి వచ్చిన బడే ఇచ్చిందన్నమాట. సరే, అదీ పంపాను. ఈ విద్యా సంవత్సరం తేదీ ఉండాలట. అది మూడేళ్ళ కిందటిది. ఏటా చేర్చి ఏటా మాన్పించాలా?

మూడో దారి, ఈ ఏడాది పాఠ్యపుస్తకాలు కొన్న రసీదు, నా పేరుతో. ఇంట్లో ఉన్న రసీదులన్నీ బల్ల మీద పరిచాను. అన్నీ పాత పుస్తకాల కొట్టువే. పేరుండదు, పుస్తకం పేరూ ఉండదు, ధర మాత్రం ఉంటుంది. మిగతావి పార్కులో ఇంకో అమ్మ ఊరికే ఇచ్చినవి. నాలుగు డబ్బులు మిగుల్చుకునే మనిషిని కాబట్టే నా దగ్గర రసీదు లేదు, రసీదు లేదు కాబట్టి నాకు తగ్గింపు లేదు. రాత్రి పదకొండింటికి చాట్‌లో దొరికిన మనిషికి ఇదంతా చెప్పుకున్నాను. ఎంతో మర్యాదగా, "కొత్తగా ఏమైనా కొన్నప్పుడు ఆ రసీదు పంపండి" అన్నాడు.

అప్పుడు కొన్నాను, ఆ పుస్తకం. ఆరో తరగతి లెక్కలు. పెద్దది అప్పటికే అదే పుస్తకం పాత ప్రతిలో, ఎవరివో పెన్సిలు గీతలు రబ్బరుతో చెరుపుకుంటూ చేస్తోంది. కొత్తదాని రసీదు పంపిన ఇరవై నిమిషాల్లో నేను టీచర్నయిపోయాను. మర్నాడు ఫోన్లో చెబితే మామయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే అక్కడ కొన్నవాడే మేష్టారా అమ్మా?" అన్నారు.

డబ్బు మిగల్లేదని అనను. పుస్తకం ఖరీదు పోయినా మొదటి ఏడాది బాగానే కలిసొచ్చింది. రెండో ఏడాదికి ధర పెరిగింది, పెద్దది క్రోషే అల్లికల్లో పడి ఆ సాఫ్ట్‌వేర్ తెరవడం తగ్గించింది. తప్పు డిస్కౌంటుది కాదు.

పన్నుల దగ్గర ఆశ పెట్టుకోకండి. టీచర్లు సొంత డబ్బుతో కొన్న సామగ్రికి కొంతవరకు ఆదాయంలోంచి తీసేసుకునే మినహాయింపు ఒకటుంది. ఇంటి బడి ఖర్చులు అందులోకి రావని ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ రాసే ఉంచింది. ఏప్రిల్‌లో పన్ను ఫారం నింపుతూ ప్రిన్సిపల్‌గారు ఆ లైను దగ్గర ఆగి నావైపు ఆశగా చూశారు.

మాకు ఇద్దరు పిల్లలు, దగ్గర్లో పాత పుస్తకాల కొట్లున్నాయి, రుజువుల వెంటపడే ఓపిక నాకుంది. అందుకని ఏడాది మొత్తం మీద పనికొచ్చిందనే అంటాను. పిల్లలు ఒక్కరే ఉండి, వాళ్ళూ చిన్నవాళ్ళయితే లైబ్రరీ కార్డు చాలు, ఈ తలనొప్పి వద్దు. రాష్ట్రమే కాగితం ఇచ్చే చోట ఉన్నవాళ్ళకి ఇందులో సగం గోల ఉండదు. ఇంటి బడివాళ్ళ హక్కుల కోసం పనిచేసే హెచ్‌ఎస్‌ఎల్‌డీఏ లాంటి సంఘంలో చేరితే వాళ్ళ సభ్యత్వ కార్డు కొన్నిచోట్ల చెల్లుతుంది. ఒక్క తగ్గింపు కోసం ఏటా రుసుము కట్టడానికి నాకే చెయ్యి రాలేదు. నాలుగైదు పెద్ద కొనుగోళ్ళున్నవాళ్ళు లెక్క వేసుకోండి.

చిన్నవాడు ఇప్పుడు నాలుగులో ఉన్నాడు. ఆరుకొచ్చేదాకా ఆ పుస్తకం తొడుగు తియ్యొద్దని చెప్పాను. రసీదు ఫైల్లో భద్రంగానే ఉంది కానీ, దాని మీద తేదీ పోయిన విద్యా సంవత్సరానిది.