ముట్టి టమాటా పేస్ట్ ట్యూబ్: ఏ కూరకి పనికొస్తుంది, లేకపోతే బదులేం వాడాలి

టమాటా పప్పు కోసమో చారు కోసమో అయితే ఈ ట్యూబు పేస్ట్ జోలికి పోకండి. ఆ రెండింటి రుచీ తాజా టమాటా రసంలోనూ, గింజల చుట్టూ ఉండే పుల్లటి జిగురులోనూ ఉంటుంది. పేస్ట్ వేసి కాస్తే అది చారు కాదు, సూప్ అవుతుంది.

ఇటలీకి చెందిన ముట్టి కంపెనీ 1951 నుంచి టమాటా గుజ్జును ట్యూబుల్లో అమ్ముతోంది. మొదట్లో దాని మూతని కుట్టుపనిలో వేలికి తొడుక్కునే అంగుస్తానాగా కూడా వాడుకునేలా చేశారు. ఇప్పుడొచ్చే 130 గ్రాముల ‘డబుల్ కాన్సంట్రేట్’ ట్యూబులో టమాటా, ఉప్పు తప్ప మరేం లేవు. డబుల్ అంటే ఘనపదార్థం 28 శాతం. తాజా టమాటాలో అది 5 శాతం అటూ ఇటూగా ఉంటుంది. ఆ లెక్కన ట్యూబు మొత్తం పిండితే ముప్పావు కిలో టమాటాల సారం కూడా రాదు. ఒక టేబుల్ స్పూను ఒక మధ్యరకం టమాటాతో సమానం. కిలో ఇరవై రూపాయలకి దొరికే రోజుల్లో టమాటాకి బదులుగా దీన్ని కొనడం దండగే. 2023 జూలైలోలాగా ధర వంద దాటి పరుగెత్తినప్పుడు మాత్రం లెక్క మారుతుంది.

దీని అసలు ఉపయోగం రంగు, చిక్కదనం. కోడికూర, కుర్మా, పనీర్ బటర్ మసాలా, పాస్తా లాంటి వాటికి బాగా నప్పుతుంది. నలుగురికి సరిపడే కూరకి రెండు టమాటాలు, రెండు టీస్పూన్ల పేస్ట్ చాలు. ఉల్లిపాయలు ఎర్రబడి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయాక, మంట తగ్గించి పేస్ట్‌ని నేరుగా నూనెలో వేయాలి. రెండు నిమిషాలు వేయిస్తే మెరిసే ఎరుపు కాస్తా ఇటుక రంగుకి దిగుతుంది. అప్పుడే కారం, ధనియాల పొడి, ఆ తర్వాత తరిగిన టమాటాలు. చాలామంది ఉడుకుతున్న పులుసులో పేస్ట్ కలిపేసి, డబ్బా వాసన వస్తోందని తిట్టుకుంటారు. తప్పు సరుకుది కాదు, అది నూనెలో వేగకపోవడమే. అలాగని పెద్ద మంట మీద వదిలేయకూడదు. తడి తక్కువ, టమాటాలోని సహజమైన చక్కెర ఎక్కువ కాబట్టి అడుగంటి చేదెక్కుతుంది. అంటుకుంటుంటే రెండు చెంచాల వేడినీళ్లు చల్లండి. ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి, పేస్ట్‌లో కొంత ఉంది. క్రీమ్ పోసేముందు మంట బాగా తగ్గించాలి, లేకపోతే పులుపుకి విరుగుతుంది.

ట్యూబు దొరకకపోతే టెట్రా ప్యాక్ ప్యూరీ నిక్షేపంగా పనిచేస్తుంది. మన ఆహార నిబంధనల ప్రకారం ప్యూరీలో కనీసం 9 శాతం, పేస్ట్‌లో 25 శాతం ఘనపదార్థం ఉండాలి. కాబట్టి ఒక చెంచా పేస్ట్‌కి మూడు చెంచాల ప్యూరీ. అదనంగా వచ్చిన నీరు ఇగిరి నూనె తేలడానికి ఐదారు నిమిషాలు పడుతుంది, చిందుతుంది కూడా, మూత ఓరగా పెట్టండి. లేబుల్ మీద 330 ఉంటే అది సిట్రిక్ యాసిడ్, చింతపండు తగ్గించుకోవాలి. ఇంత పులుపున్న దేన్నయినా పప్పు మెత్తబడకముందే వేస్తే బద్ద బద్దలాగే మిగిలిపోతుంది.

కెచప్ మాత్రం బదులు కాదు. చక్కెర, వెనిగర్ కలిసి కూర తియ్యగా తగలడుతుంది. దానికంటే మన టమాటా ఒరుగులు నయం. ఐదారు ముక్కలు వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి రుబ్బితే పేస్ట్ సిద్ధం. ఉప్పు పట్టించి ఎండబెట్టినవైతే కూరలో ఉప్పు సగానికి తగ్గించండి.

ఇంట్లో చేసుకోవాలంటే రసం ఎక్కువుండే నాటు టమాటాలకంటే కండపట్టిన కోల టమాటాలు మేలు. కిలో కాయలు ఉడికించి, జల్లెడలో వడకట్టి, వెడల్పాటి స్టీలు గిన్నెలో సన్న సెగన గంటకు పైగా కలుపుతూ దగ్గర పడనిస్తే 150 గ్రాములకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఇనుప మూకుడులో చేస్తే లోహపు రుచి పట్టేస్తుంది. ఐస్ ట్రేలో గడికో చెంచా చొప్పున గడ్డకట్టించి, సంచిలోకి మార్చి ఫ్రీజర్లో పెట్టుకోండి. టిన్ను పేస్ట్ కొంటే మాత్రం, తెరిచాక మిగిలింది అందులోనే ఉంచకుండా గాజు సీసాలోకి తీసి, పైన పలచగా నూనె పోసి, ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేయాలి.