ద పార్టీనా, బ్లేజింగ్ శాడిల్సా: చర్చకు ఏది వేయాలి?

విజయవాడలోనో గుంటూరులోనో చిన్న హాల్లో పాత హాలీవుడ్ కామెడీ వేసి జాతి వివక్ష గురించి మాట్లాడించాలంటే ఈ రెండూ పనికొస్తాయి.

‘ద పార్టీ’ (1968)లో ఇంగ్లీషు నటుడు పీటర్ సెల్లర్స్ ముఖానికి గోధుమ రంగు పూసుకుని భారతీయుడు బక్షీ అయ్యాడు. మొదట్లో ఓ సినిమా షూటింగ్‌లో నటిస్తూ ఎన్ని తూటాలు తగిలినా బక్షీ చావడు, బాకా ఊదుతూనే ఉంటాడు. అక్కడ నవ్వు టైమింగ్‌ది. నోరు విప్పాక నవ్వు యాసది. విమర్శకుడు విడదీయాల్సింది వీటినే: బాకా సీన్ ఒకటి, మాటలున్న సీన్ ఒకటి పక్కపక్కన వేస్తే చాలు. కమెడియన్‌కి శ్రీకాకుళం యాసో తెలంగాణ యాసో అంటగట్టే మన పాత అలవాటు ఎవరో ఒకరు వాళ్లే ఎత్తుతారు.

‘బ్లేజింగ్ శాడిల్స్’ (1974) మెల్ బ్రూక్స్ తీసింది. రచయితల్లో నల్లజాతి హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ ఉన్నాడు. ఊరికి నల్లజాతి షెరీఫ్ (పోలీసు అధికారి) వస్తే తెల్లవాళ్లు తుపాకులెత్తుతారు. అతను తన తుపాకీ తనకే గురిపెట్టుకుని తనను తానే బందీ చేసుకుంటాడు, ఊరు నమ్మేస్తుంది! వెర్రి ఊరిదే. చిక్కల్లా సినిమాలో నల్లవాళ్లను అనే జాతి తిట్టుతోనే. సబ్‌టైటిల్లో ‘నల్లోడు’ అని రాస్తే మన చెవికి ముద్దుపేరులా ఉంటుంది, హాలు ఊరిని వదిలేసి ఆ మాటకే నవ్వుతుంది. అందుకే ముందు ఐదు నిమిషాలు బానిసత్వం, ఆ తిట్టు చరిత్ర చెప్పాలి.

కొత్త ప్రేక్షకులకు మొదట ‘ద పార్టీ’నే. అందులో ఎగతాళి మనమీదే కాబట్టి ఉపోద్ఘాతం అక్కర్లేదు.