ఒకే స్తూపం కోసం నాలుగు ఊళ్ళు

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ అనే గదిలోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు నన్ను కదలనివ్వకుండా నిలిపినది రెండు ముఖాలున్న ఒక సున్నపురాతి పలక. దానికి ఒకవైపు బోధివృక్షం, దాని కింద ఎవరూ కూర్చోని ఆసనం, చుట్టూ చేతులు జోడించిన భక్తులు ఉన్నారు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపని కాలపు చెక్కడం అది. కొన్ని తరాలు గడిచిన తరువాత అదే రాతిని వెనక్కి తిప్పి, రెండోవైపు పూర్ణాలంకారాలతో ఉన్న స్తూపాన్ని చెక్కారు. పాత చెక్కడాన్ని చెరిపివేయకుండా లోపలివైపుకు తిప్పి, కొత్తదాన్ని లోకానికి చూపించిన ఆ శిల్పుల చేతుల్లో ఈ రాయి రెండు జన్మలు ఎత్తింది. అది పుట్టిన ఊరు అమరావతి మా ఇంటికి రెండు గంటల దూరంలో ఉన్నా, దాన్ని చూడడానికి నేను సముద్రాలు దాటవలసి వచ్చింది.

ఆ గదిలోని శిల్పాలకు ఒకప్పుడు ‘ఎలియట్ మార్బుల్స్’ అని పేరు. అవి చలువరాళ్ళు కావు, పలనాటి సున్నపురాళ్ళు. గ్రీసు నుంచి తెచ్చిన పార్థినాన్ గుడి శిల్పాలను ‘ఎల్గిన్ మార్బుల్స్’ అన్న రోజుల్లో వాడుకలోకి వచ్చిన ఆ పేరు రాతి జాతిని తప్పుగా చెప్పడమే కాక, తవ్వించిన దొర పేరును నిలిపి, చెక్కిన ఊరి పేరును మరుగుపరచింది. కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ 1845లో వీటిని తవ్వించి మద్రాసుకు చేర్చాడు. అక్కడ చాలాకాలం ఎండకూ వానకూ ఉన్న తరువాత 1859లో వాటిని ఇంగ్లండుకు ఓడ ఎక్కించారు. అక్కడైనా వాటికి వెంటనే గౌరవం దక్కలేదు. వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ 1867లో చూసేనాటికి అవి గుర్రపుబండ్లు నిలిపే ఒక కొట్టంలో పడి ఉన్నాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి కాని, ఇరవయ్యో శతాబ్దంలో దశాబ్దాలపాటు నేలమాళిగలో గడిపి, 1992లో మాత్రమే తమకంటూ ఒక గదికి వచ్చాయి. తేమనూ వేడినీ అదుపులో ఉంచే ఆ గదిలో వెలుతురు పక్కనుంచి పడే తీరు నన్ను ముగ్ధుణ్ణి చేసింది. కాలిగోటి వంపు కూడా నీడతో సహా కనిపిస్తుంది. ప్రవేశ రుసుము లేదు. శుక్రవారాల్లో రాత్రి ఎనిమిదిన్నర వరకు తెరిచి ఉంటుంది కనుక, పగటి రద్దీ తగ్గిన తరువాత వెళ్ళి ఒక్కో పలక ముందు తీరిగ్గా నిలబడవచ్చు.

ఆ వారంలోనే, ఆ నగరంలో మరొకచోట, ప్రాచీన శిల్పాలను వాటి దేశాలకు తిరిగి ఇవ్వాలా అన్న విషయంపై జరిగిన ఒక చర్చకు వెళ్ళాను. లోకమంతా వచ్చే చోట ఉంటేనే లోకమంతా చూడగలదని ఒక పక్షం వాదించింది. వలస పాలనలో తీసుకున్నదాన్ని ఇష్టపూర్వకంగా ఇచ్చినదిగా లెక్కించలేమని రెండో పక్షం అన్నది. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ట్రస్టీల చేతులు కట్టివేస్తుందని ఒకరు గుర్తుచేస్తే, చట్టాన్ని మనుషులే రాశారు, మనుషులే మార్చగలరని మరొకరు బదులిచ్చారు. రెండు పక్షాలూ నిజాయితీగానే మాట్లాడాయని నాకు అనిపించింది. అయినా రెండు గంటల చర్చలో ఎవరూ ఎత్తని ప్రశ్న ఒకటి నన్ను వెంటాడింది: ఈ పలక స్తూపంలో ఎక్కడ ఉండేది? తూర్పు ద్వారం పక్కనా, పడమటి ఆయకం అనే వేదిక దగ్గరా, ప్రదక్షిణ చేసేవాడి కంటికి ఎదురుగానా, పైనా? ఎవరిదన్న వాదన పక్కన ఎక్కడిదన్న ప్రశ్నను కూడా పెట్టి, అదే స్తూపపు రాళ్ళున్న చోట్లన్నీ చూడాలన్న సంకల్పంతో నేను ఇంటికి తిరిగి వచ్చాను.

అమరావతికి గుంటూరు నుంచి, విజయవాడ నుంచి బస్సులు తరచుగా ఉంటాయి. చాలామంది పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి వస్తారు. అమరేశ్వరస్వామి దర్శనానికి అది సరిపోతుందేమో కాని స్తూపానికి సరిపోదు. నేను రెండు రాత్రులు ఆ ఊళ్ళోనే ఉన్నాను. గుడికి వచ్చే యాత్రికుల కోసం కట్టిన సాదా వసతి గది దొరికింది. పరుపు పలుచన, నీళ్ళు పుష్కలం, నడిపే ముసలాయన మాట మెత్తన. తెల్లవారుజామున గదిలోంచి బయటపడి నడిచి స్తూపానికి చేరగలగడం ముందు మిగిలిన సౌకర్యాలేవీ లెక్కలోకి రాలేదు.

స్థానికులు దీపాలదిన్నె అని పిలిచిన ఆ చోట ఇవాళ కనిపించేది ఎత్తులేని వలయం, కొన్ని ఇటుక వరసలు, అక్కడక్కడ నిలబెట్టిన పలకలు, చుట్టూ పచ్చిక. చూడగానే నిరాశపడి వెనుదిరిగేవారిని ఆ రెండు ఉదయాల్లో నేను చాలామందిని చూశాను. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు ఇక్కడ కొత్త పట్టణం కడుతున్నప్పుడు ఈ దిబ్బనుంచి ఇటుకలు, రాళ్ళు తవ్వి తీశారు. ఆ సంగతి విని 1797లో సర్వే అధికారి కాలిన్ మెకెంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. అతడి బృందం గీసిన చిత్రాలే లేకపోతే, ఆ తరువాత మాయమైన ఎన్నో పలకల రూపం మనకు తెలిసేదే కాదు. అయినా ఆ వలయం చుట్టూ కాలినడకన తిరిగితే, పుస్తకంలో చదివిన సుమారు 49 మీటర్ల వ్యాసం అన్న అంకె కాళ్ళకు తెలుస్తుంది. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకువచ్చిన ఆయక వేదికలు, ఒక్కోదాని మీద బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు గుర్తుగా ఐదు స్తంభాలు, వాటి ఎదుట ప్రాకారం, మధ్యలో ప్రదక్షిణ పథం. ఈ నడకను మనసులో నిలుపుకోనివారికి ఏ మ్యూజియంలోని ఏ పలకైనా గోడకు తగిలించిన పటంలాగే కనబడుతుంది. పక్కనే ఉన్న పురావస్తు శాఖ మ్యూజియాన్ని ముందుగా చూసి, ఆవరణలోని స్తూప నమూనాను మనసుకు పట్టించుకుని, ఆ తరువాత వలయం దగ్గరకు వెళ్ళడం మంచిది. నేను మొదటి రోజు తలకిందులుగా చేసి, రెండో రోజు దిద్దుకున్నాను.

విజయవాడలో బస విషయంలో నేను మోసపోయాను. నదికి ఎదురుగా అని చెప్పి ఇచ్చిన గది కిటికీ పక్క భవనపు గోడకు ఎదురుగా ఉంది, అడిగితే జవాబు చెప్పేవారు లేరు. అయితే పాత విక్టోరియా జూబిలీ భవనంలోని బాపు మ్యూజియంలో అల్లూరు నుంచి వచ్చిన నిలువెత్తు సున్నపురాతి బుద్ధుణ్ణి చూశాక ఆ చిరాకు నిలవలేదు. 2020లో కొత్త రూపుతో తెరిచిన ఆ మ్యూజియానికి ఒక పూట చాలు.

నాగార్జునకొండ కథ వేరు. ఇక్కడ రాళ్ళు ఊరు వదలలేదు, నీళ్ళు ఊరి మీదికి వచ్చాయి. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి నాగార్జునసాగర్ ఆనకట్ట నీళ్ళలో మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఆ లోయంతా తవ్వారు. తొమ్మిది కట్టడాలను విడదీసి, ఇప్పుడు దీవిగా మిగిలిన కొండ మీద తిరిగి పేర్చి, పద్నాలుగింటికి జలాశయం గట్టున అనుపు అనే చోట నమూనాలు కట్టారు. కొండకు విజయపురి సౌత్ రేవు నుంచి లాంచీలో వెళ్ళాలి. తగినంతమంది ప్రయాణికులు చేరితేనే లాంచీ కదులుతుంది కనుక, పొద్దున్నే రేవుకు చేరడం, తిరుగు లాంచీ వేళ ముందే కనుక్కోవడం అవసరం. దిగిన తరువాత దొరికే సమయం ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది. విహారం ఆకారంలో కట్టిన ఆ మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఒకటి ఉంది. ఏ చైత్యం ఎక్కడ, ఏ విహారం ఏ గుట్ట వార, నది ఎటు అన్నదంతా ఒక్క చూపులో అందుతుంది. నా ప్రశ్నకు ఇంత సూటిగా జవాబిచ్చినది ఈ యాత్రలో మరొకటి లేదు. పక్కనే ఉన్న శాసనాలను చూస్తూ, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో ఇక్కడి మహాచైత్యానికి స్తంభాలు నిలిపిన చాంతిసిరి అనే రాజకుటుంబపు స్త్రీని తలుచుకోకుండా ఉండలేకపోయాను. అనుపులో మెట్ల మీద కూర్చుని ఎదురుగా రంగస్థలం చూస్తే ఆ నగరం ఎలా ఉండేదో ఊహకు వస్తుంది. ఆవలి గట్టున, తెలంగాణ వైపు, 274 ఎకరాల్లో 2022లో తెరిచిన బుద్ధవనంలో అమరావతి పోలికలో కట్టిన స్తూపం ఉంది. కొత్త కట్టడమని దాన్ని తేలికగా తీసుకోవద్దని నా మనవి. దీపాలదిన్నె మీద కళ్ళకు అందని ఎత్తు అక్కడ అందుతుంది.

చెన్నైకి రైల్లో వెళ్ళి, మ్యూజియానికి నడిచి వెళ్ళగలిగేలా ఎగ్మూరు దగ్గరే గది తీసుకున్నాను. ఈ యాత్రలో నేను ఎంచుకున్న బసల్లో అదే ఉత్తమం. 1851లో ఏర్పడిన ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి శిల్పాలకు ఒక విభాగమే ఉంది. నాళాగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసుకున్న ఘట్టం చెక్కిన గుండ్రటి ఫలకం ముందు నేను గంటసేపు ఉన్నాను. ఒకే వలయంలో ఒకపక్క వీధిలోకి దూసుకువచ్చి మనిషిని తొండంతో ఎత్తి విసిరే ఏనుగు, బెదిరిపోయి ఒకరినొకరు పట్టుకున్న జనం, మేడలమీంచి తొంగిచూసే ఆడవాళ్ళు. మరోపక్క అదే ఏనుగు మోకరిల్లి శాంతించిన క్షణం. కేకలు ఎక్కడ ఆగిపోయాయో రాతిలో చూపించగలిగిన శిల్పి ఎవరో తెలియదు. అయితే దాతలు తెలుసు. విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలకను ఇచ్చినట్టు అమరావతి శాసనమొకటి చెబుతుంది. రాజుల కానుకగా మాత్రమే ఈ స్తూపాన్ని తలచేవారు ఆ శాసనం గురించి తప్పక తెలుసుకోవాలి.

1880లలో పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్ అమరావతిలో తవ్వి తీసిన పలకలు మద్రాసుకు వచ్చి, ఇక్కడి గోడల్లో సిమెంటుతో పొదగబడ్డాయి. అప్పుడే, ప్రాచీన కట్టడాల సంరక్షణాధికారిగా ఉన్న హెచ్. హెచ్. కోల్, వాటిని పుట్టినచోటే ఉంచి కాపాడాలని వాదించాడు. నెగ్గలేదు. లండన్ సభలో కొత్తగా విన్నాననుకున్న వాదనను, నూట నలభై ఏళ్ళ కిందట ఈ రాళ్ళ గురించే ఒక అధికారి వినిపించాడన్నమాట. బర్జెస్ పక్షాన కూడా న్యాయం లేకపోలేదు. కాపలా లేని దిబ్బమీద రాళ్ళు సున్నపు బట్టీల పాలవుతాయన్న భయం ఉత్తిది కాదు. పుట్టినచోటికి చేర్చడమే అన్నిటికీ మందు అనుకునేవారు చందవరం సంగతి కూడా తలచుకోవాలి. ప్రకాశం జిల్లాలోని ఆ స్థలంలోని మ్యూజియం నుంచి దొంగిలించిన బౌద్ధ శిల్పం చేతులు మారి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. నిజం బయటపడ్డాక 2016లో వారు దాన్ని మన దేశానికి తిరిగి అప్పగించారు. తిరిగి రావడం సాధ్యమేనని ఆ ఉదంతం చూపిస్తుంది, ఇంట్లో కాపలా ఉండాలని కూడా చూపిస్తుంది. నా మటుకు నేను లండన్ పలక తిరిగి రావాలనే కోరుకుంటున్నాను. అది వచ్చేలోగా, మెకెంజీ చిత్రాల నకళ్ళూ, లండన్, చెన్నై పలకల అచ్చులూ దీపాలదిన్నె చుట్టూ వాటి వాటి చోట్ల నిలబడాలని అంతకంటె గట్టిగా కోరుకుంటున్నాను. దానికి ఏ దేశపు పార్లమెంటు అనుమతీ అక్కర్లేదు.

ఈ దారిన వెళ్ళదలచినవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది: అమరావతి, నాగార్జునకొండ మ్యూజియాలు రెండింటికీ శుక్రవారం సెలవు. వీలైతే చెన్నైతో మొదలుపెట్టి అమరావతితో ముగించండి. నేను అలా చేయలేదు కనుక, తిరుగు ప్రయాణంలో మరోసారి అమరావతిలో దిగాను. నాళాగిరి ఫలకాన్ని చూసి గీసుకున్న కాగితం చేతిలో ఉంది. అలాంటి ఫలకాలు ప్రాకారపు స్తంభాలనూ అడ్డుకమ్ములనూ అలంకరించేవి కనుక, వలయం అంచున ప్రాకారం ఉండవలసిన చోట నిలబడి, ఆ కాగితాన్ని కళ్ళెత్తున పట్టుకుని, కుడిచేతి వైపు స్తూపం ఉండేలా మెల్లగా నడవడం మొదలుపెట్టాను. పచ్చిక కోస్తున్న పనిమనిషి ఏమిటని అడిగితే కాగితం చూపించాను. ఆమె కొడవలి పక్కన పెట్టి, ఏనుగు ముందున్న జనాన్ని ఒక్కొక్కరినీ వేలితో తడుముతూ చూసి, “ఇదంతా ఇక్కడే ఉండేదా?” అని అడిగింది. ఉండేదని చెప్పి, ఇద్దరం కలిసి తూర్పు ఆయకం దాకా నడిచాం.